జత కోసం పెట్టిన కొక్కెం

నేను ఒక ఇనుప కొక్కేన్ని. కొక్కెం అనగానే వంకర వేలులాంటిది ఊహించుకోకండి. ముప్పాతిక అంగుళం మందం, అరచెయ్యంత వెడల్పు ఉన్న పలకను. నడుమ బొటనవేలు సులువుగా దూరే రంధ్రం. ఆ రంధ్రంలో గుర్రపునాడా ఆకారంలో ఒక షాకిల్ వేలాడుతూ ఉంటుంది. జీపు బురదలో దిగబడినప్పుడు లాగే తాడును దానికి కడతారు. షాకిల్‌తో కలిపి తూస్తే రెండున్నర కిలోలు తూగుతాను. నా బరువు అంతే. నా మీదున్న బరువు వేరు. దాని సంగతి చెప్పడానికే ఇదంతా.

మాది గొప్ప వంశమే. విశాఖ హార్బరులో పెద్ద ఓడలను రేవులోకి లాక్కొచ్చే టగ్గు ఒకటి ఉండేది. ముప్పై ఏళ్ళు లాగి లాగి ముసలిదయ్యాక దాన్ని ముక్కలు చేశారు. ఆ డెక్కు పలకలో ఒక ముక్కను నేను. లాగడం మా రక్తంలో ఉందని ఇనుము కూడా చెప్పుకోవచ్చు. కానీ నాకు లోకజ్ఞానం అబ్బింది ఓడ మీద కాదు, పాత ఇనుము దుకాణంలో. అక్కడ మూడు నెలలు పడి ఉన్నాను. వచ్చే పోయే బేరాలు విన్నాను. అమ్మేవాడు సరుకులో ఉన్న మంచిని రెండుసార్లు చెబుతాడు. లేనిదాన్ని అడిగేదాకా చెప్పడు. అడిగినవాడికి అబద్ధం చెప్పడు, అది దుకాణం పరువు. అడగనివాడికి నిజం చెప్పడు, అది దుకాణం తెలివి. నాకది అప్పట్లో చాలా సబబుగా తోచింది.

ఆటోనగర్‌లో వెల్డింగు షెడ్డు నడిపే జలాల్ మేస్త్రి నన్ను ఏరి పట్టుకెళ్ళాడు. యాభై దాటిన మనిషి. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇది దొంగ ఇనుము కాదు" అన్నాడు. నన్ను గ్యాసుతో కోసి రెండు చేశాడు. అంచులు సాన పట్టి, రంధ్రాలు తొలిచి, రెండింటినీ పక్కపక్కన పెడితే ఏది ఏదో మాకే తెలియలేదు. అలా నాకొక తోబుట్టువు పుట్టింది. ఒకే పలక, ఒకే మందం, ఒకే బలం. ఆ తర్వాత మా మధ్య వచ్చిన తేడా మేము తెచ్చుకున్నది కాదు.

మమ్మల్ని చేయించినవారు పొట్నూరి గున్నయ్యగారు. పాడేరులో మిరియాల వ్యాపారి. కొండల మీద సంతలకు తన జీపులోనే వెళ్ళి సరుకు కొనేవారు. కిందటి వానాకాలంలో జీపు ఒక గెడ్డ ఒడ్డున దిగబడిందట. గెడ్డ అంటే కొండవాగు. లాగడానికి తాడు కట్టే చోటు లేక బంపరుకు చుట్టి లాగితే బంపరు ఊడి చేతికొచ్చింది. ఆ రోజంతా మిరియాల బస్తాలు వానలో నానాయి. అందుకని కొత్త బంపరు వేయించి, దానికి గట్టి కొక్కేలు రెండు పెట్టించాలని వచ్చారు. ఆయన చెప్పిన కోరిక ఒక్కటే: "లారీ లాగినా ఊడకూడదు మేస్త్రీ. శుక్రారం సంతకి బండి కావాలి."

ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి. బంపరు అంటే మడిచిన రేకు. చూపులకు దుక్కలా ఉంటుంది గానీ లోపల డొల్ల. దాని మీద ఎంత గట్టి కొక్కెం అతికించినా, లాగుడు వస్తే రేకు చిరిగిపోతుంది. కొక్కేన్ని బంపరు వెనక ఉన్న ఛాసిస్ దూలానికి బోల్టులతో బిగించాలి. జీపు బరువంతా మోసేది ఆ దూలమే. బలం కొక్కెంలో ఉండదు, దాని వెనక ఉంటుంది. మేస్త్రికి ఇది కొట్టినపిండి.

ఎడమవైపు పని చక్కగా అయ్యింది. నా తోబుట్టువు తోకను, అంటే వెనకవైపు పొడుగాటి భాగాన్ని, బంపరులోంచి వెనక్కి పోనిచ్చి, దూలానికి రెండు రంధ్రాలు వేసి, లావుపాటి బోల్టులు బిగించాడు. నా వంతుకు కుడివైపుకొచ్చి, కింద పడుకుని టార్చి వేసి చూసి, చాలాసేపు లేవలేదు.

రంధ్రం వేయాల్సిన చోటే బండి ఛాసిస్ నెంబరు చెక్కి ఉంది.

"ఇక్కడ పొడిస్తే నెంబరు పోద్ది సావుకారూ. రేపు బ్రేకు ఇనస్పెక్టరు కాడ బండి ఆగిపోద్ది" అన్నాడు మేస్త్రి.

గున్నయ్యగారు గడియారం చూసుకున్నారు. అది గురువారం మధ్యాహ్నం. మరేం చేద్దామంటే, ఎడమది ఒక్కటే ఉంచుదాం అన్నాడు మేస్త్రి. ఒంటి చెవి బండిలా ఉంటుందని ఆయనకు నచ్చలేదు. చివరికి నా తోక కోసేసి, నన్ను బంపరు రేకుకే చుట్టూ వెల్డింగు పెట్టి నిలబెట్టారు. పని అయ్యాక మేస్త్రి చేతులు తుడుచుకుంటూ ఆ మాట స్పష్టంగానే చెప్పాడు.

"కుడిదానికి తాడు కట్టకండి. జత కోసం పెట్టేను, అంతే. లాగుడంతా ఎడమదానికే. గుర్తుకి ఎడమదానికి ఎర్ర రంగేసి, దీనికి నల్ల రంగేస్తాను."

"ఒక కన్ను ఎరుపు, ఒక కన్ను నలుపు అయితే బండికి దిష్టిబొమ్మ మొహం వస్తాది. రెండూ ఎరుపే ఏసీ. నాకు తెలుసు కదా ఏది ఏదో" అన్నారు గున్నయ్యగారు.

రెండూ ఎరుపే అయ్యాయి.

ఆయనకు తెలుసన్నది నిజం. రెండేళ్ళలో జీపు పదకొండుసార్లు దిగబడింది. ప్రతిసారీ ఆయన బురదలోకి స్వయంగా దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, తాడు కట్టేవాళ్ళ పక్కన నిలబడి ఎడమదానికే కట్టించారు. ఒక్కసారి కూడా మరవలేదు. ఆ పదకొండు లాగుళ్ళూ నా తోబుట్టువే మోసింది. నేను పక్కన మెరుస్తూ నిలబడ్డాను. సంతలో జనం మా ఇద్దరినీ చూసి, ఎంత గట్టి హుక్కులో అనేవారు. ఆ మెప్పులో సగం నేను తీసుకున్నాను. పని చేయకుండా వచ్చిన లాభం తియ్యగా ఉంటుంది. అది ఎక్కడో ఒకచోట చేదుగా తేలుతుందని పాత ఇనుము దుకాణంలో ఎవరూ చెప్పలేదు.

మూడో ఏడు గున్నయ్యగారు పెద్ద పికప్ వ్యాను కొన్నారు. జీపును వంతల దొన్ను కొనుక్కున్నాడు. దొన్నుది బూరుగుపుట్టు, పాడేరు పైకొండ మీద చిన్న ఊరు. ఊరి నుంచి సంతకూ సంత నుంచి ఊరికీ జనాన్ని చేరవేయడానికి ఒక బండి ఉండాలని అతను ఆరేళ్ళుగా అనుకుంటున్నాడు. కొనేరోజు భార్య సోమరినీ తల్లినీ వెంటబెట్టుకొచ్చాడు. సోమరి మాట తక్కువ మనిషి. బండి చుట్టూ తిరిగి టైర్లు చూసింది. అత్తగారు పసుపూ కుంకుమా నిమ్మకాయలూ తెచ్చుకుంది.

గున్నయ్యగారు ఇంజను గురించి చెప్పారు. గేరుబాక్సు మార్చిన సంగతి చెప్పారు. వెనక టైర్లు అరిగాయని కూడా దాచకుండా చెప్పారు. మా దగ్గరికొచ్చి, "ఇవి ఓడ ఇనుము, తెలుసా" అన్నారు. దొన్ను వంగి ఒక రాయి తీసుకుని నన్ను కొట్టి చూశాడు. ఖంగున మోగాను. నా తోబుట్టువు ఎలా మోగుతుందో నేనూ అలాగే మోగాను. అబద్ధం ఆడలేదు, నా ఇనుము మంచిదే. అతను నన్నే కొట్టాడు గానీ నా వెనక ఏముందో వంగి చూడలేదు.

అప్పుడు ముసలమ్మ ముందుకొచ్చింది. రెండు కొక్కేలనూ చూసి కుడిదానికి పసుపు రాసింది. నాకే ఎర్రదారం కట్టింది. "ఇచ్చినా పుచ్చుకున్నా కుడి సెయ్యే నాయినా. తాడు దీనికే కట్టు. ఎడమ సేత్తో ఎవురైనా పనెట్టుకుంటారా?" అంది కొడుకుతో.

గున్నయ్యగారి నోరు తెరుచుకుంది. నేను దగ్గరగా చూశాను కాబట్టి చెబుతున్నాను, నిజంగానే తెరుచుకుంది. కానీ అది కొబ్బరికాయ కొట్టే సమయం. శుభం పలికే వేళ ఈ మాటెందుకు, తర్వాత చెబుదామని ఆయన అనుకుని ఉండాలి. తర్వాత టీ వచ్చింది. తర్వాత కాగితాల మీద సంతకాలు. తర్వాత జీపు కదిలింది. ఆయన చెయ్యెత్తి నిలబడ్డారు. ఆ చెయ్యి ఆపడానికో, సాగనంపడానికో ఇవాళ్టికీ నాకు తెలియదు.

ఆయన సంగతి అలా ఉంచండి. నేనేం చేశాను? నాకు నోరు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ పసుపు నాకు నచ్చింది. అది దాచుకోదగ్గ సంగతి కాదు.

బూరుగుపుట్టులో నా రోజులు ఘనంగా గడిచాయి. దొన్ను తల్లి మాట జవదాటలేదు. దిగబడిన ప్రతిసారీ తాడు నాకే కట్టించాడు. ఎద్దులతో లాగినప్పుడు మోశాను. పదిమంది మనుషులు లాగినప్పుడు మోశాను. మెల్లగా లాగే లాగుడైతే రేకు కూడా కొంత ఓర్చుకుంటుంది. అలా పద్దెనిమిది లాగుళ్ళు గట్టెక్కాను. నా తోబుట్టువు పదకొండు, నావి పద్దెనిమిది. దానికంటే గొప్పదాన్నని లెక్క కట్టుకోవడం మొదలుపెట్టాను. నాలో అంతకంటే పెద్ద తప్పు లేదు. ఎందుకంటే ప్రతి లాగుడుకూ వెల్డింగు అంచున రేకు వెంట్రుకవాసి చీలుతున్నది నాకు తెలుస్తూనే ఉంది. తొమ్మిదో లాగుడు తర్వాత చీలిక రంగులోంచి బయటపడింది. వాన పడ్డాక అక్కడి నుంచి తుప్పు నీరు గోధుమరంగు గీతలా కారింది.

ఆ గీతను సోమరి చూసింది. బండి కడుగుతూ వేలితో రుద్ది, ఇక్కడేదో పగిలినట్టుందని మొగుడితో చెప్పింది. దసరాకి ఎలాగూ రంగేస్తాం కదా అన్నాడు దొన్ను. దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు జీపును తోమి, మా ఇద్దరికీ దిట్టంగా ఎర్ర రంగు పూశారు. బంతిపూల దండ నాకే వేశారు. రంగు చీలికలోకి ఇంకి దాన్ని మూసేసింది. నా మొహం మళ్ళీ కొత్తదయ్యింది. ఆ గీత నేను చెప్పగలిగిన ఒకే ఒక్క మాట. దాన్ని పూజ చేసి మరీ చెరిపేశారు. చెరిపినప్పుడు నాకు హాయిగానే ఉంది.

పంతొమ్మిదో లాగుడు ఆ మరుసటేడు శ్రావణమాసంలో. శుక్రవారం సంత అయ్యాక, మధ్యాహ్నం మూడింటికి, జీపు తొమ్మిదిమంది జనంతో ఊరికి తిరిగొస్తోంది. పైకొండల్లో వాన పడుతోంది గానీ ఇక్కడ ఎండగానే ఉంది. ఊరి ముందున్న గెడ్డలో నీళ్ళు మోకాలి లోతే కదా అని దొన్ను దింపాడు. నడిమధ్యలో ముందుచక్రాలు ఒక గోతిలో కూరుకుపోయాయి. ఇంజను ఆగిపోయింది. చూస్తూండగానే నీళ్ళు ఎర్రబడి, బండి అడుగు పలకల మీదికొచ్చాయి. లోపల ఇద్దరు చంటిపిల్లల తల్లులు, ఒక గర్భిణి, ముసలివాళ్ళు. దిగి నడుద్దామంటే ప్రవాహం కాళ్ళు నిలవనివ్వడం లేదు.

అవతలి ఒడ్డున ఒక ట్రాక్టరు ఉంది. అది కొర్రా లైకోన్‌ది, అంటే సోమరి తమ్ముడిది. కొండ కింద పొలాలు దున్నుతూ ఆ ట్రాక్టరు మీదే నలుగురి కడుపు నింపేవాడు. అక్కను కూడా ఆ రోజు సంత నుంచి తనే ఎక్కించుకొచ్చాడు. తొట్టి విప్పేసి, ట్రాక్టరు వెనక భాగాన్ని గెడ్డ వైపు తిప్పి, తాడు విసిరాడు. దొన్ను బంపరు పట్టుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడి తాడు అందుకున్నాడు. అలవాటు ప్రకారం తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

జీపులో పంగి గాసి అనే ముసలాయన ఉన్నాడు. ఒకప్పుడు ఆ కొండల్లో జీపు నడిపినవాడు. తాడు బిగుసుకోగానే సంతలో అమ్ముడుపోని ఒక మిరియాల బస్తా ఖాళీ చేయించి, ఆ గోనెసంచిని నీళ్ళలో ముంచి తాడు నడుమ వేయించాడు. తాడు తెగినా కట్టు ఊడినా ఆ తడి బరువు దాన్ని కిందికి గుంజుతుందట. పాతవాళ్ళ పద్ధతి. నవ్విన కుర్రవాళ్ళను గాసి పట్టించుకోలేదు.

లైకోన్ మెల్లగా లాగాడు. చక్రాలు కదిలి, మళ్ళీ గోతిలోకి జారాయి. మళ్ళీ లాగాడు. మళ్ళీ జారాయి. నా చుట్టూ రేకు కిర్రుమంటోంది. నీళ్ళ హోరులో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి సీటు మీదికెక్కి నిలబడింది. దొన్ను గట్టిగా అరిచాడు.

"బామ్మర్దీ, ఒక్క ఊపు కొట్టు. తాడు వదులు సేసి ఒక్కటే ఊపు."

"ఊపొద్దురా, సాగదీసి లాగండి" అన్నాడు గాసి. ఆ మాట ఒడ్డుకు చేరలేదు.

లైకోన్ ట్రాక్టరును రెండడుగులు వెనక్కి తెచ్చాడు. తాడు వదులై గోనెతో సహా నీళ్ళలోకి దిగింది. అతను వెనక్కి తిరిగి నన్నే చూస్తూ, ఎడమకాలు క్లచ్ మీద నుంచి వదిలాడు. ట్రాక్టరు ముందుకు దూకింది.

నేను విరగలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. నా చుట్టూ ఉన్న రేకు అరచెయ్యంత మేర చిరిగి నాతో పాటే వచ్చింది. తాడు సాగి దాచుకున్న బలమంతా నన్ను ఒడ్డు వైపు విసిరింది. నేను సూటిగా అతని మొహం మీదికే వెళ్తున్నాను. గోనెసంచి బరువు నన్ను కిందికి గుంజింది. మడ్‌గార్డు అంచుకు తగిలి పక్కకు తిరిగాను. క్లచ్ మీదికి మళ్ళీ చేరుతున్న ఎడమ మోకాలికి తగిలాను.

ఓడలను లాగిన ఇనుము అది. ఎముక ఎంతసేపు ఆగుతుంది?

అతను అరవలేదు. సోమరి, ఇంకో ఇద్దరు కలిసి కిందికి దింపి చెట్టుకు ఆనించి కూర్చోబెడితే, "నన్ను సూడకండక్కా, ఆలను సూడండి. నీరొచ్చేస్తంది" అన్నాడు.

గాసి బండి పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. ఎడమ కొక్కెం ముందు నిలబడి, రాయితో కొట్టి చూడలేదు. బంపరు కిందికి చెయ్యి పోనిచ్చి దాని వెనక్కి తడిమాడు. చాలాసేపు తడిమాడు. "దీని ఎనకాల బోల్టులున్నాయిరా. రెండున్నాయి. కట్టండి" అన్నాడు. సోమరి ట్రాక్టరెక్కింది. తమ్ముడి పొలంలో అప్పుడప్పుడూ దున్నిన చెయ్యి. ఊపు కొట్టలేదు. గోతి అంచున నాలుగు రాళ్ళు వేయించి, అంగుళం అంగుళం సాగదీసింది. నా తోబుట్టువు మూలగను కూడా మూలగలేదు. పావుగంటకు జీపు ఒడ్డెక్కింది. తొమ్మిదిమందీ గట్టెక్కారు. చివరగా దిగినామె చేతిలో చంటిపిల్ల నిద్రపోతోంది.

నేను ట్రాక్టరు కింద బురదలో పడి, ఇదంతా చూశాను.

లైకోన్ మోకాలికి పెద్దాసుపత్రిలో కడ్డీలు వేశారు. నడుస్తాడన్నారు. ఆ కాలు వంచి బలంగా నొక్కడం మాత్రం ఇక కాదన్నారు. క్లచ్ నొక్కలేని మనిషికి ట్రాక్టరు ఇంటి ముందు నిలబెట్టిన ఇనుము. దున్నడానికి పనికొచ్చే వాన పదునంతా ఎదురుగా పోతుంటే అతను మంచం మీద నుంచి దాన్ని చూస్తూ గడిపాడట. దున్నించుకునేవాళ్ళు వేరే ట్రాక్టర్లను పిలుచుకున్నారు.

నెల తర్వాత దొన్ను నన్ను అదే గోనెసంచిలో వేసుకుని పాడేరు వెళ్ళాడు. గున్నయ్యగారు దుకాణంలో మిరియాలు తూస్తున్నారు. దొన్ను పళ్ళెంలో మిరియాలు పక్కకు తీసి, నన్ను పెట్టాడు. చిరిగిన రేకు ఇంకా నా అంచులకు అంటుకునే ఉంది. ఆయన చూశారు. పోల్చుకున్నారు. ముల్లు రెండున్నర దగ్గర ఆగింది గానీ ఆయన ముల్లును చూడటం లేదు.

"ఇది ఎడమదాన్లాగే బిగించిందేనా సావుకారూ?" అన్నాడు దొన్ను.

గున్నయ్యగారు చిన్న గొంతుతో, "నువ్వు అడగనేదు కదరా. అడిగితే సెప్పీవోణ్ణి" అన్నారు.

"అడగాలని నాకెలా తెలుస్తాది? రెండూ ఎరుపే కదా."

పాత ఇనుము దుకాణంలో నేను నేర్చుకున్న నీతి మొత్తం ఆ పళ్ళెంలో నాతో పాటే ఉంది. తూగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి అన్న మాట ఎంత సబబైనదో, ఎంత పనికిమాలినదో ఒక్కసారిగా తెలిసింది. పదకొండుసార్లు బురదలో దిగి ఎడమదానికే కట్టించిన మనిషి అడగకుండానే చెప్పొచ్చు. ఆయనకూ అదే తోచి ఉండాలి. దుకాణం తలుపులు మూశారు. మర్నాడు పొద్దున దొన్ను జీపులో, ముందు సీటు ఖాళీగా ఉన్నా, వెనక జనం కూర్చునే బల్ల మీద కూర్చుని ఆటోనగర్‌కు వచ్చారు. ఆసుపత్రి ఖర్చుల సంగతి వాళ్ళు ఏదో అనుకున్నారు. అది వాళ్ళ లెక్క.

జలాల్ మేస్త్రి నన్ను చేతిలోకి తీసుకుని సంగతంతా విన్నాడు. నేను చెప్పాను కదా సావుకారూ అని అనొచ్చు. నిజంగానే చెప్పాడు. అనలేదు. నన్ను బల్ల మీద పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

"నెంబరు అడ్డొచ్చిందన్నది నిజమే. కానీ దూలం అడుగు నుంచి పట్టీ తిప్పి బిగించొచ్చు. నెంబరు జోలికి పోనక్కర్లేదు. ఒక్కరోజు పని. ఈయన తొందరలో ఉన్నాడు, నేనూ ఊరుకున్నాను. జత కోసం పెట్టేనన్నాను గానీ, లాగడానికి పనికిరాని హుక్కు పెట్టడమెందుకని నన్ను నేను అడగలేదు."

ముగ్గురు మనుషులు ఒక ఇనుప ముక్క చుట్టూ తలలు వంచుకుని ఉండటం ఆ షెడ్డులో ఎవరూ చూసి ఉండరు. ముగ్గురు కాదు, నాతో కలిపి నలుగురం.

మేస్త్రి ఆ ఒక్కరోజు పని అప్పుడు చేశాడు. కుడివైపు కొత్త కొక్కెం, దూలం అడుగు నుంచి పట్టీ, రెండు బోల్టులు. బిగించాక దొన్నును కింద పడుకోబెట్టి, చేత్తో తడిమించి, అప్పుడు లేవనిచ్చాడు. నన్ను మాత్రం పారేయలేదు. మేకుకు తగిలించాడు.

నాలుగు నెలల తర్వాత లైకోన్ వచ్చాడు. చంకలో కర్ర. మేస్త్రి కబురు పెట్టి ట్రాక్టరుతో సహా రప్పించాడు. కాలితో నొక్కే క్లచ్‌ను చేత్తో లాగేలా ఒక లివరు చేస్తానన్నాడు. కాళ్ళు లేనివాళ్ళ బళ్ళకు ఇదివరకు అలాంటివి చేశాడట. లివరు ఊగడానికి ఒక గట్టి ఆధారం కావాలి, అంతా దాని మీదే పడుతుంది. వెతుకుతుంటే లైకోన్ కళ్ళు మేకు మీద నన్ను పట్టుకున్నాయి. అందుకుని తిప్పి తిప్పి చూశాడు. నాకు దాక్కునే చోటు లేదు.

"ఇది ఇరగనేదే" అన్నాడు.

తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

"ఇరగదు. దాని ఎనకాలదే సిరిగింది" అన్నాడు మేస్త్రి.

"అయితే దీన్నే ఎట్టు. ఎనకాల సరిగ్గా ఎట్టు."

గున్నయ్యగారు ఆ రోజు కూడా ఉన్నారు. ఎవరూ రమ్మనలేదు. బోల్టు బిగించేటప్పుడు అవతలి వైపు పానా పట్టుకుని కూర్చున్నారు. తెల్లచొక్కాకు గ్రీజు అంటింది. మేస్త్రి ఆ బోల్టును రెండుసార్లు విప్పించి మళ్ళీ బిగించాడు. ఆయన విసుక్కోలేదు.

ఇప్పుడు నేను ట్రాక్టరు మీద, లైకోన్ ఎడమ మోకాలికి జానెడు దూరంలో ఉంటాను. నా రంధ్రంలోంచి ఒక పిన్ను, దాని మీద ఊగే లివరు. అతను చెయ్యి లాగినప్పుడల్లా ఆ బరువు నా మీదే పడుతుంది. రోజుకు రెండొందలసార్లయినా లాగుతాడు. పాపం తీరిందని చెబుదామంటే లెక్క ఒప్పుకోదు. చదును పొలాల్లో మాత్రమే ఈ ఏర్పాటు పనికొస్తుంది. కొండదారి ఎక్కాలంటే రెండు చేతులూ స్టీరింగుకే చాలవు. అతను పుట్టిన ఊరి దారి అది. అక్కడికిప్పుడు దొన్ను జీపులోనే వెళ్ళాలి. లాగినవి ఎన్నైనా కానివ్వండి, రెండో పళ్ళెంలో ఆ మోకాలు అలాగే ఉంది.

పొలాల దగ్గర ఇప్పటికీ బళ్ళు దిగబడతాయి. జనం అతన్నే పిలుస్తారు. రానని ఎప్పుడూ అనలేదు. తాడు తీసుకుని వెళ్ళాక, ఎంత తొందరలో ఉన్నవాళ్ళనైనా ఒక్క ప్రశ్న అడుగుతాడు.

"దీని ఎనకాల ఏటుంది?"

కొందరు నవ్వుతారు. హుక్కు గట్టిదేనంటారు. అతను కర్ర ఊతతో దిగి, ఆ కాలు చాపుకుని కష్టం మీద కూర్చుని, బంపరు వెనక్కి చెయ్యి పోనిచ్చి తడుముతాడు. బోల్టు తగిలితే కడతాడు. తగలకపోతే వేరే చోటు వెతుకుతాడు. తడి గోనె వేయందే ట్రాక్టరు కదపడు.

రోజూ పొద్దున ట్రాక్టరు తీసే ముందు నా వెనక కూడా అలాగే తడుముతాడు. ఒకటి, రెండు, ఉన్నాయి. నిన్న ఉన్నవి ఇవాళ ఎక్కడికి పోతాయి? అయినా తడుముతాడు. నన్ను నమ్మడు.

నాకు అదే బాగుంది. పసుపు రాసి, దండ వేసి, వెనక్కి చూడకుండా నమ్మిన రోజులే నన్ను నిద్రపోనివ్వవు.